‘కేసు’ అంటే ఎన్ని ప్యాకెట్లు? గుంటూరు కారం మిల్లులో ఎలక్ట్రానిక్ ఆర్డర్ల కేస్ స్టడీ

శుక్రవారం రాత్రి ఏడు గంటలకు ఫోన్ మోగింది. ఏటుకూరు రోడ్డు వైపు కారం మిల్లు నడిపే క్లయింటు. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. "సార్, హైదరాబాద్ పంపిన బండిని గేటు దగ్గరే ఆపేశారు. సరుకు దించుకోం, వెనక్కి తీసుకుపొమ్మంటున్నారు. వాళ్ల ఆర్డరు 120 కేసులు. మనం పంపిందీ 120 కేసులే. నేనే దగ్గరుండి లెక్కపెట్టించి ఎక్కించా."

గేట్లో ఇచ్చిన చీటీని డ్రైవరు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. చూశాను. ఆర్డరు పరిమాణం 4,800. వచ్చిన పరిమాణం 7,200. కారణం అన్న చోట ‘ఎక్కువ సరుకు’ అని టిక్కు. కింద ఎవరిదో పొట్టి సంతకం.

రెండు అంకెలూ చూడగానే విషయం అర్థమైంది. 120ని 40తో గుణిస్తే 4,800. 60తో గుణిస్తే 7,200. వాళ్లు 120 కేసులు అడిగారు, వీళ్లు 120 కేసులు పంపారు. అబద్ధం ఎవరూ ఆడలేదు. కేసు, అంటే ప్యాకెట్లు పెట్టే అట్టపెట్టె, అనే మాటకు వాళ్ల దగ్గర ఒక అర్థం ఉంది, మన దగ్గర ఇంకొకటి ఉంది.

ఆ రాత్రి చేయగలిగింది పెద్దగా లేదు. బిల్లు గురువారం సాయంత్రం ఐదింటికి చేశారు. జీఎస్టీ బిల్లులు నమోదు చేసే ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో ఒకసారి ఐఆర్ఎన్ (బిల్లు నమోదు నంబరు) వచ్చాక దాన్ని రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు. నాకు ఫోన్ వచ్చేసరికి 26 గంటలైంది. ఇక రద్దు లేదు, క్రెడిట్ నోటు, అంటే బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం, ఇవ్వాల్సిందే. ఆ క్రెడిట్ నోటునూ మళ్లీ అదే పోర్టల్‌లోంచి పంపాలి. బండి తిరిగి రావడానికి విడిగా ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) కావాలి. సరుకు విలువ పన్నుతో కలిపి 4 లక్షల 67 వేల చిల్లర. రానూపోనూ కిరాయి, హమాలీ ఖర్చు, గేటు దగ్గర రోజంతా ఆగినందుకు డ్రైవరు బత్తా, అన్నీ మిల్లు నెత్తిన పడ్డాయి.

నేను బ్రాడీపేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు, హోల్‌సేల్ షాపులకు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ పనులు చూస్తుంటాను. ఇలాంటి ఫోన్లు ఈ మధ్య ఎక్కువయ్యాయి. మనవాళ్లు నాణ్యమైన సరుకు తయారు చేసి పెద్ద సంస్థలకు అమ్మగలుగుతున్నారు, ఆర్డర్లూ వస్తున్నాయి. కానీ ఆర్డరు కంప్యూటరు నుంచి కంప్యూటరుకు వచ్చేటప్పుడు ఏం మారుతుందో వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు. అందుకే ఈ మిల్లు సంగతి వివరంగా రాస్తున్నాను. యజమాని ఒప్పుకున్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

మిల్లు, దాని పద్ధతి

యజమాని నాన్నగారు పెట్టిన మిల్లు ఇది. యార్డులో కాయ కొంటారు, తొడిమ తీయిస్తారు, ఎండబెట్టి పొడి కొట్టి ప్యాక్ చేస్తారు. 100 గ్రాములు, 200 గ్రాములు, అర కిలో ప్యాకెట్లు, హోటళ్లకు 25 కిలోల బస్తాలు. ఘాటు కావాలంటే తేజ, రంగు కావాలంటే బ్యాడిగి, ఇంట్లో వాడే మామూలు కారానికి సన్నం రకం, 334. గుంటూరు సన్నానికి జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న) గుర్తింపు కూడా ఉంది కదా, ప్యాకెట్ మీద ఆ మాట కనపడితేనే అమ్మకం వేరేగా ఉంటుంది. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటింది కాబట్టి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ పరిధిలోకి వచ్చారు.

అమ్మకం అంతా ఫోన్ మీదే నడిచేది. తెనాలి, రేపల్లె, చిలకలూరిపేట, ఒంగోలు హోల్‌సేల్ కిరాణా షాపుల వాళ్లు పొద్దున్నే పెద్ద గుమస్తా గారికి ఫోన్ చేస్తారు. "సన్నం రెండు వందలది పది, తేజ అర కిలోది అయిదు, పోయినసారి రేటే." అంతే ఆర్డరు. పది అంటే పది కేసులని, ఫలానా షాపాయన ‘సన్నం’ అంటే నిజానికి 334 పొడి అని, ‘పోయినసారి రేటు’ అంటే బిల్లు మీద రేటు కాదు, చివర్లో తగ్గించి ఇచ్చిన రేటని, ఇవన్నీ గుమస్తా గారి తలలో ఉంటాయి. 68 ఏళ్లు ఆయనకు. పెద్దాయన హయాం నుంచి ఉన్నారు. యజమాని ఆయన్ని బాబాయ్ అని పిలుస్తారు.

యార్డులోనూ అంతే. టిక్కీ (కాయ బస్తా) అంటే ఎంతో అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. తాలు ఎంత ఉందో, తేమ ఎంత ఉందో కాయను గుప్పిట్లో నొక్కి చెప్పేస్తారు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ (కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) మొదలయ్యాక ధర కంప్యూటర్లో వేసే పద్ధతి వచ్చినా, వేసేవాడు ముందు లాటు దగ్గరికి వెళ్లి కాయ చూసి వచ్చాకే వేస్తాడు. అది సహజం. మనుషులు ఒకరినొకరు ఎరిగిన చోట సగం మాట చెబితే చాలు, మిగతా సగం అవతలివాడే పూరించుకుంటాడు.

హైదరాబాద్‌లోని సూపర్‌మార్కెట్ల సంస్థ వీళ్ల కారం నచ్చి సప్లయర్‌గా చేర్చుకుంది. చేర్చుకునేటప్పుడు పద్నాలుగు పేజీల ఫారం ఇచ్చింది. అందులో తొమ్మిదో పేజీలో, 200 గ్రాముల ప్యాకెట్ వరసలో, ‘కేస్ ప్యాక్: 40’ అని ఉంది. యజమాని ప్రతి పేజీలోనూ సంతకం పెట్టారు. చదివారా అని నేను అడగలేదు. జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నామని ఆయనే అన్నారు.

ఆర్డరులో ఒక్క వరస

శనివారం పొద్దున మిల్లుకు వెళ్లి, ఆ సూపర్‌మార్కెట్ సంస్థ ఆర్డర్లు పెట్టే పోర్టల్ తెరిపించాను. ఆర్డర్లు చూసేది యజమాని కోడలు. బీటెక్ చదివిన అమ్మాయి, చురుకైనది. మొదటి మూడు ఆర్డర్లు చూశాను. 300, 240, 480. మూడింటి పక్కనా ‘ఈఏ’ అని ఉంది. అంటే విడి ప్యాకెట్లు. ప్రయత్నంగా నేరుగా రెండు షాపులకు తెప్పించుకున్నవి. నాలుగో ఆర్డరు గోడౌనుకు. పరిమాణం 120, పక్కన ‘సీఎస్’, అంటే కేసులు. యూనిట్ మారింది. ఆ గడి తెరమీద రెండక్షరాలంత వెడల్పే ఉంది. అమ్మాయి 120 చూసింది, సాఫ్ట్‌వేర్‌లో 120 కేసులు కొట్టింది. మిల్లు సాఫ్ట్‌వేర్‌లో కేసు అంటే 60 ప్యాకెట్లని ఎప్పుడో పెట్టి ఉంది. అలా పెట్టింది మా ఆఫీసే.

పోర్టల్ అనేది పైకి కనిపించే ముఖం. లోపల నడిచేది ఈడీఐ. ఒక సంస్థ కంప్యూటరు ఇంకో సంస్థ కంప్యూటరుకు ఆర్డరు, రవాణా సమాచారం, బిల్లు పంపుకునే పద్ధతి. ఇంటర్నెట్ కంటే పాతది. దీని మూలం 1948-49లో విమానాల మీద బెర్లిన్‌కు తిండి, బొగ్గు చేరవేసిన రోజుల్లో ఉంది. రకరకాల చోట్ల నుంచి రకరకాల కాగితాలతో సరుకు వచ్చి పడుతుంటే, అందరికీ ఒకే నమూనా జాబితా ఉండాలని ఆ పనిలో ఉన్న ఎడ్వర్డ్ గిల్బర్ట్ అనే అమెరికా సైనికాధికారి పట్టుబట్టాడు. తర్వాత కంపెనీల మధ్య ఎలక్ట్రానిక్ పత్రాలు మొదలు కావడానికి ఆ అనుభవమే పనికొచ్చింది. ఈ పత్రాలకు ప్రమాణాలు తయారు చేయడానికి అమెరికాలో 1979లో ఎక్స్12 కమిటీ ఏర్పడింది. 1987లో ఐక్యరాజ్యసమితి తరఫున ఎడిఫ్యాక్ట్ అనే ప్రమాణం వచ్చింది, ఐఎస్ఓ 9735గా. ఇప్పుడు చాలా చోట్ల ఎక్స్ఎంఎల్, జేసన్ ఫైళ్లు నడుస్తున్నాయి. రూపం మారినా సారం అదే.

అమ్మాయికి అర్థం కావాలని ఎడిఫ్యాక్ట్ ఆర్డరులో ఒక వరస ఎలా ఉంటుందో కాగితం మీద రాసి చూపించాను. ముందు ‘క్యూటీవై’ అనే మూడక్షరాలు, పక్కన ప్లస్ గుర్తు, తర్వాత 21, తర్వాత 120, చివర సీఎస్, ముగింపుకు ఒక కామా లాంటి గుర్తు. 21 అంటే ‘ఆర్డరు చేసిన పరిమాణం’. సరుకు బయలుదేరిందని మనం పంపే సమాచారంలో అదే వరసలో 21 బదులు 12 ఉంటుంది, ‘పంపిన పరిమాణం’ అని. బిల్లులో 47 ఉంటుంది, ‘బిల్లు చేసిన పరిమాణం’ అని. కొనేవాళ్ల కంప్యూటరు ఈ మూడింటినీ, గోడౌనులో స్కాన్ చేసి దించుకున్న లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. కలిస్తే డబ్బు బయటికి వస్తుంది. కలవకపోతే ఆగిపోతుంది. మధ్యలో "పోన్లే, వాళ్ల ఉద్దేశం ఇది అయ్యుంటుంది" అని సర్దుకునే మనిషి ఎవరూ లేరు.

అమ్మాయి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "అంటే అంకుల్, మనం ఫోన్లో చెప్పుకునేదంతా ఇందులో ముందే రాసి పెట్టుకోవాలన్న మాట" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

యజమాని సందేహం వేరు. సంతకం లేని ఆర్డరుకు రేపు గొడవ వస్తే విలువ ఉంటుందా అని. ఉంటుంది. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 2000 అక్టోబరు 17 నుంచి అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్‌గా కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 2008 సవరణలో 10ఎ సెక్షను చేర్చారు. అయితే అదే చట్టం మనమీదా పనిచేస్తుంది. ఆర్డరును పోర్టల్‌లో ‘అంగీకరించాం’ అని నొక్కితే, 40 ప్యాకెట్ల కేసుకు ఒప్పుకున్నట్టే.

గుమస్తా గారితో మూడు రోజులు

సాఫ్ట్‌వేర్‌లో 60ని 40గా మారిస్తే పని అయిపోతుందని యజమాని అనుకున్నారు. అలా మారిస్తే తెనాలి షాపుకు వెళ్లే కేసు కూడా 40 అయిపోతుంది. ముందు మన దగ్గర ఏ మాటకు ఏ అర్థం ఉందో తేల్చుకోవాలి. ఆ అర్థాలన్నీ ఉన్నది ఒక్క మనిషి దగ్గర.

గుమస్తా గారు మొదటి రోజు ముభావంగా ఉన్నారు. ఆయన భయం నాకు తెలుసు. ఈ కుర్రాళ్లు తన తలలో ఉన్నది కంప్యూటర్లోకి ఎక్కించుకుని తనను ఇంటికి పంపుతారేమోనని. ఇలాంటి పనుల్లో చాలా చోట్ల ఆ భయాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను యజమానిని పక్కకు పిలిచి ముందు ఆ సంగతి తేల్చమన్నాను. ఆయన వచ్చి అందరి ముందూ, "బాబాయ్, ఇవి నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియవు. ఇది పూర్తయ్యాక కూడా చూసుకోవాల్సింది నువ్వే" అన్నారు. అప్పుడు బీరువా తాళం తీసి ఎర్ర అట్ట పుస్తకాలు బయట పెట్టారు గుమస్తా గారు.

మొదటి ప్రశ్న కేసు గురించే. "మన కేసు అరవై బాబూ. మొదట్నుంచీ అరవయ్యే" అన్నారు. మరి 100 గ్రాములది? "అది నూట ఇరవై." అర కిలోది? "ఇరవై నాలుగు." రాసుకుంటూ పోతుంటే నా చెయ్యి ఆగింది. 60 ప్యాకెట్లు 200 గ్రాములవి, 12 కిలోలు. 120 ప్యాకెట్లు 100 గ్రాములవి, 12 కిలోలు. 24 అర కిలోవి, 12 కిలోలే. ఈ మిల్లులో కేసు అనేది ప్యాకెట్ల లెక్క కానే కాదు. అది బరువు. హమాలీ కూలీ కేసుకు ఇంత అని ఇచ్చేవాళ్లు కాబట్టి ఏ కేసు ఎత్తినా ఒకే బరువు ఉండేలా పెద్దాయన ఆ రోజుల్లో పెట్టారట. ఎంత సబబైన ఏర్పాటు అది! సూపర్‌మార్కెట్‌కు మాత్రం కేసు అంటే అరలో పట్టే ప్యాకెట్ల సంఖ్య. రెండు పద్ధతులకూ వాటి కారణాలున్నాయి. ఒకదాన్ని తప్పని కొట్టేస్తే పని జరగదు.

రెండో రోజు పేర్లు. మిల్లు అమ్మే సరుకులు 23. పుస్తకాల్లో, సాఫ్ట్‌వేర్‌లో, కోడలు నడిపే ఎక్సెల్ షీట్‌లో కలిపి వాటికి 61 పేర్లు తేలాయి. ‘సన్నం 200’, ‘ఎస్ఎన్ 200’, ‘ఎర్ర కవరు చిన్నది’, ‘గుంటూరు కారం పావు కిలో లోపు’, నాలుగూ ఒకటే. ‘హోటల్ రకం’ అన్నది మాత్రం రెండు వేర్వేరు సరుకులు, ఏ ఊరి హోటల్ అన్నదాన్ని బట్టి. ఒక్కొక్కటీ గుమస్తా గారు చెబుతుంటే, ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టి, దాని వెనకున్న బారు గీతల కింది అంకెలు రాసుకున్నాం. 13 అంకెలు, మొదట 890. అది భారత్‌లోని జీఎస్1 సంస్థ ఇచ్చే నంబర్ల మొదలు. పక్కనే హెచ్ఎస్ఎన్, అంటే పన్ను కోసం సరుకుకు ఉండే కోడ్. పొడి కాని ఎండు మిరప 0904 21, పొడి కొట్టినది 0904 22. టర్నోవరు 5 కోట్లు దాటిన వాళ్లు బిల్లులో ఆరు అంకెలూ రాయాలి. 25 కిలోల బస్తాల మీద ఏళ్ల తరబడి నాలుగంకెలే పడుతున్నాయి. అది కూడా అప్పుడే బయటపడింది.

మూడో రోజు అట్టపెట్టెల నంబర్లు. నా దృష్టిలో మొత్తం పనికి ఇదే గుండెకాయ. విడి ప్యాకెట్‌కు 13 అంకెల నంబరు ఉన్నట్టే, పెట్టెకు 14 అంకెల నంబరు ఉంటుంది. ప్యాకెట్ నంబర్లో చివరిది తీసేసి, ముందు 1 నుంచి 8 లోపు ఒక అంకె చేర్చి, చివరి తనిఖీ అంకె మళ్లీ లెక్కగట్టాలి. 60 ప్యాకెట్ల పెట్టెకు ముందు 1 పెట్టాం. 40 ప్యాకెట్ల పెట్టెకు 2. ముందు అంకె మారగానే చివరిదీ మారింది, 7 ఉన్నది 4 అయింది. ఇప్పుడు ఒకే కారానికి మూడు నంబర్లు: ప్యాకెట్, మన పెట్టె, వాళ్ల పెట్టె. సాఫ్ట్‌వేర్‌లో ‘కేసు’ అనే యూనిట్‌నే తీసేశాం. ఏ బిల్లు చేసినా ప్యాకెట్లలోనే చేయాలి, ఏ పెట్టెలో ఎన్ని పడతాయో నంబరే చెబుతుంది. గుమస్తా గారు రెండు పెట్టెల మీదా అంటించిన లేబుళ్లను దగ్గరగా పట్టుకుని చూసి, "మొదటి అంకె చూస్తే చాలన్న మాట. ఒకటైతే తెనాలి, రెండైతే హైదరాబాద్" అన్నారు. ఆ సాయంత్రమే హమాలీలకు ఆయనే చెప్పారు. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఖర్చు పెద్దదేం కాదు. ఒక లేబుల్ ప్రింటరు, రెండు స్కానర్లు, ఆర్డరు ఫైలును నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చే చిన్న ప్రోగ్రాము. అసలు ఖర్చు ఆ మూడు రోజుల కూర్చోవడమే. ఇలాంటి పనికి కొటేషన్ అడిగేటప్పుడు మనవాళ్లు సాఫ్ట్‌వేర్ ధర అడుగుతారు. ఈ కూర్చునే రోజులు ఎన్ని అని అడిగేవాళ్లు నాకింకా తగలలేదు.

ఆగిపోయిన పదకొండు బిల్లులు

బండి వెనక్కి రావడం కంటికి కనబడిన నష్టం. కనబడనిది ఇంకోటి ఉంది. పోర్టల్‌లో పేమెంట్ల పేజీ తెరిస్తే, ఆ తర్వాత పంపిన సరుకు తాలూకు పదకొండు బిల్లులు ‘హోల్డ్’లో ఉన్నాయి. ఈ గొడవలో యజమాని అటు చూడనే లేదు. ఒక్కొక్కటీ విప్పి చూశాం.

ఆరు బిల్లుల్లో ఆర్డరు నంబరు కలవలేదు. వాళ్ల ఆర్డరు నంబర్లు రెండు సున్నాలతో మొదలవుతాయి. కోడలు వాటిని ఎక్సెల్‌లోకి తెచ్చుకుని అక్కడి నుంచి బిల్లులోకి అతికించేది. ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని ముందు సున్నాలు తీసేసింది. మనకు 45 అన్నా 0045 అన్నా ఒకటే. యంత్రానికి అవి రెండు వేర్వేరు పేర్లు. బారుకోడ్ అంకెలనూ ఎక్సెల్ ఇలాగే పాడుచేస్తుంది, పదమూడు అంకెలను కుదించి ఏదో లెక్కల సూత్రంలా చూపిస్తుంది. ఆ గడిని ముందే ‘టెక్స్ట్’గా మార్చుకోవాలి. ఇప్పుడు ఫైలు నేరుగా వస్తోంది కాబట్టి ఎక్సెల్ మధ్యలోకి రాదు. ఈ-ఇన్‌వాయిస్ నమూనాలోనే కొనుగోలు ఆర్డరు నంబరుకు గడి ఉంది. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. దయచేసి వదలకండి.

మూడు బిల్లుల్లో రూపాయల తేడా. వాళ్ల ఆర్డరులో ధర పన్నుతో కలిపి ప్యాకెట్‌కు 65. కారానికి జీఎస్టీ 5 శాతం. మన సాఫ్ట్‌వేర్ పన్ను తీసేసి 61.90 అని రెండు దశాంశాలకు కుదించింది. 4,800 ప్యాకెట్లకు బిల్లు 3,11,976 అయింది. వాళ్ల లెక్క 3,12,000. 24 రూపాయలు తక్కువ. వాళ్ల సిస్టమ్ ఒప్పుకునే తేడా పది రూపాయలే. తక్కువ డబ్బుకు బిల్లు వేసినా ఆపేస్తారా అని యజమాని ఆశ్చర్యపోయారు. ఆపేస్తుంది, దానికి ఎక్కువా తక్కువా అని ఉండదు, కలిసిందా లేదా అన్నదే. ఈ-ఇన్‌వాయిస్‌లో యూనిట్ ధరకు మూడు దశాంశాల దాకా వీలుంది. 61.905 పెట్టాం. తేడా రూపాయి ఇరవై పైసలకు దిగింది.

మిగిలిన రెండూ దారిలో పెట్టె చిరిగి సరుకు తగ్గినవి. దించుకున్నది 4,760, బిల్లు 4,800. క్రెడిట్ నోటు ఇచ్చి ముగించాం.

ఇందులో చట్టం కోణం ఒకటి ప్రతి మిల్లు వాళ్లూ తెలుసుకోవాలి. ఉద్యం (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. పైగా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటి బాకీ ఉంచిన మొత్తాన్ని కట్టేదాకా ఖర్చుగా చూపించుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఇది విని యజమాని నోటీసు పంపుదామన్నారు. నేను ఆగమన్నాను. ఆ 45 రోజులు లెక్క మొదలయ్యేది సరుకు అంగీకరించిన రోజు నుంచి. సరుకు అందిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరం మనం తీర్చిన రోజే అంగీకరించిన రోజు అవుతుంది. ‘నంబరు కలవలేదు’ అని పోర్టల్‌లో పడిన సందేశాన్ని అభ్యంతరం కింద వాళ్లు చూపించవచ్చు. అంటే మన సున్నాలు మనం సరిచేసుకునేదాకా గడియారం కదలకపోవచ్చు. హోల్డ్ పేజీని రోజూ పొద్దున్నే తెరవాలనేది అందుకే. ఆ పని ఇప్పుడు కోడలిది, కాఫీ తాగుతూ ముందు అదే చూస్తుంది.

సరిచేసిన పదకొండూ నెల తిరక్కుండా ఖాతాలో పడ్డాయి. పన్ను వైపు కూడా కొంత ఊరట. 2024 అక్టోబరు నుంచి జీఎస్టీ పోర్టల్‌లో కొన్నవాళ్లు మన బిల్లును అంగీకరించడమో, తిరస్కరించడమో, పక్కన పెట్టడమో చేయవచ్చు. వెనక్కి వచ్చిన సరుకు క్రెడిట్ నోటును వాళ్లు తిరస్కరించి ఉంటే మన లెక్క చిక్కుల్లో పడేది. వాళ్ల అకౌంట్స్ విభాగానికి ముందే మెయిల్ పెట్టించాం, పనయింది.

నేను పట్టుబట్టి వెనక్కి తగ్గినది

ఇంత జరిగాక, తెనాలి, రేపల్లె షాపుల వాళ్ల చేత కూడా ఆర్డర్లు యాప్‌లో పెట్టిద్దామని నేనే ప్రతిపాదించాను. చిన్న యాప్ చేయించాం. రెండు నెలలు ప్రయత్నించాం. నలభై షాపుల్లో ఆరుగురు వాడారు, అందులో ఇద్దరు యాప్‌లో పెట్టి మళ్లీ ఫోన్ చేసి "వచ్చిందా" అని అడిగేవారు.

నా అంచనా తప్పని ఒప్పుకుంటున్నాను. సూపర్‌మార్కెట్‌కు వేల మంది సప్లయర్లు, లక్షల వరసలు. వాళ్లకు యంత్రం కాక గతి లేదు. రేపల్లె షాపాయనకు కారం పంపే మిల్లులు రెండో మూడో. ఆయనకు గుమస్తా గారితో మాట్లాడటంలో ధర కబురు ఉంది, పంట కబురు ఉంది, పదిరోజుల అరువు అడిగే వీలు ఉంది. యాప్ వీటిలో ఏదీ ఇవ్వదు. కాబట్టి ఆయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజే పెడతారు. దాన్ని విని మన వైపు కోడ్‌తో ఎక్కించుకుంటాం. యంత్రం మాట ఎక్కడ మొదలవ్వాలో, మనిషి మాట ఎక్కడి దాకా ఉండాలో ప్రతి మిల్లుకూ వేరు. ఆ గీత ఎక్కడ గీయాలో చూసుకోకుండా అందరికీ ఒకే యాప్ అమ్మేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. చిన్న షాపుల డబ్బు, నమ్మకం రెండూ పోతాయి.

ఇప్పుడు

ఆ శుక్రవారం తర్వాత తొమ్మిది నెలల్లో హైదరాబాద్‌కు ముప్పైకి పైగా లోడ్లు వెళ్లాయి. ఒక్క బండీ వెనక్కి రాలేదు. ఆ పదకొండూ తేలాక హోల్డ్‌లో ఒకే బిల్లు పడింది, అదీ చిరిగిన పెట్టె వల్లే. బండి కదిలే ముందు ప్రతి పెట్టెనూ స్కాన్ చేస్తారు. తెర మీద ఆర్డరు లెక్క, ఎక్కిన లెక్క పక్కపక్కన కనబడతాయి. రెండూ ఒకటైతేనే బిల్లు తయారవుతుంది. ఐఆర్ఎన్‌ను సాయంత్రం కాకుండా, బండి బయలుదేరే గంట ముందు తీస్తున్నారు, ఏదైనా తేడా వస్తే రద్దుకు 24 గంటలు చేతిలో ఉండేలా. గుంటూరు నుంచి హైదరాబాద్ శివారు 200 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి ఈ-వే బిల్లుకు రెండు రోజుల గడువు వస్తుంది, అది సరిపోతోంది.

గుమస్తా గారు ఎర్ర అట్ట పుస్తకం మానలేదు. అందులో ఎడమ పక్కన కొత్తగా ఒక గడి గీసుకున్నారు, చివరి నాలుగు అంకెలు రాసుకోవడానికి.

సంక్రాంతికి నెల ముందు ఆయన నుంచే ఫోన్ వచ్చింది. ఆయన నాకు నేరుగా ఫోన్ చేయడం అదే మొదటిసారి. "బాబూ, పండక్కి రెండు వందల ప్యాకెట్‌లో ఇరవై గ్రాములు ఎక్కువ వేసి ఇద్దామంటున్నాడు మావాడు. కవరు మీద రెండు వందల ఇరవై అని పడుతుంది. అదే నంబరు వేస్తే హైదరాబాద్‌లో తిరకాసు పెడతారు కదా? కొత్త నంబరు తీసుకోవాలేమో చూడు."

తీసుకోవాలి. ప్యాకెట్ మీద రాసే నికర బరువు మారితే కొత్త జీటీఐఎన్ (బారుకోడ్ కింది నంబరు) తీసుకోవాలని జీఎస్1 నియమం. ప్యాకెట్‌కు ఒకటి, రెండు రకాల పెట్టెలకు రెండు. మర్నాడు పొద్దున మిల్లుకు వెళ్లేసరికి, మూడింటికీ తన పుస్తకంలో ఖాళీ వరసలు గీసి ఉంచారు.